గుడ్డ కింద ఏముందిరా?

పోయిన సంక్రాంతికి బెంగళూరు మారతహళ్లిలో మా బాబాయి వాళ్ల ఫ్లాట్లో జరిగింది ఇది. భోజనాలయ్యాక పిల్లలు మ్యాజిక్ చెయ్యమని అడిగారని బ్యాగులోంచి నా నల్ల ప్యాడ్, అంటే మ్యాజిక్ చేసేటప్పుడు కింద పరుచుకునే మెత్తటి గుడ్డ, తీసి డైనింగ్ టేబుల్ మీద పరిచి, నాలుగు నాణేలు నాలుగు మూలలా పెట్టాను. ఇంకా చెయ్యి కూడా కదపలేదు, మా బాబాయి వచ్చి ప్యాడ్ కొస పట్టుకుని పైకెత్తేశాడు. నాణేలన్నీ జారిపోయాయి, ఒకటి వెళ్లి సాంబారు గిన్నెకి తగిలింది. "గుడ్డ కింద ఏముందిరా?" అన్నాడు. ఏమీ లేదు. ఏమీ లేదని కళ్లారా చూశాక కూడా ఆయన అనుమానం తీరలేదు, "అయితే గుడ్డలోనే ఏదో ఉంది" అని తేల్చేశాడు. ఇక ఆ సాయంత్రం నేను ఏం చేసినా ఘనత అంతా గుడ్డకే పోయింది. ఆర్నెల్లు అద్దం ముందు కూర్చుని సాధన చేసిన వాడికి ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఆ గుడ్డకి నేను పెట్టింది నాలుగు వేల ఆరు వందలు. అంతా ప్యాడ్ ధర కాదులెండి, విదేశం నుంచి రావడానికి పోస్టు ఖర్చు, ఇక్కడ దిగాక కట్టిన కస్టమ్స్ కలిపితే అంతయింది. పోనీ అంత పెట్టాక సరిగ్గా వచ్చిందా అంటే, చుట్టి పంపాల్సిన దాన్ని అమ్మినవాళ్లు మడతపెట్టి పంపారు. అడుగున రబ్బరు కదా, నెల రోజులు మడతలో ఉండేసరికి నట్టనడుమ ఒక గీత పడిపోయింది. ఇస్త్రీ చేశాను, పరుపు కింద పెట్టాను, డిక్షనరీలు పేర్చాను, పోలేదు. పేకముక్కలు వరసగా పరిచినప్పుడల్లా ఆ గీత దగ్గర స్పీడ్ బ్రేకర్ ఎక్కిన ఆటోలా ఒకసారి ఎగిరి పడతాయి.

ఈ రెండు దెబ్బలూ తిన్నాక నాకు ఒక సంగతి గట్టిగా అర్థమైంది. ఎదురుగా కూర్చున్న నలుగురికి చేసే క్లోజప్ మ్యాజిక్‌కి మంచి ప్యాడ్ తప్పనిసరి, అందులో రాజీ లేదు. కానీ అది కొనుక్కునే వస్తువు కాదు. బెంగళూరులో ఉన్నవాడు మూడొందల లోపు చేసుకోగలిగిన వస్తువు, అదీ మ్యాజిక్ సామాను అని ఎవరూ అనుకోకుండా చేసుకోవలసిన వస్తువు.

అసలు ప్యాడ్ ఎందుకు అనేవాళ్లు ఒక పని చెయ్యండి. ఒక పేకముక్కని వంటింటి గ్రానైట్ గట్టు మీద బోర్లా పెట్టి, ఒంటి చేత్తో ఎత్తండి. గోరుతో గీకుతారు, అంచు దాకా లాగుతారు, లేదంటే వేలు తడి చేసుకుంటారు. ఇప్పుడు అదే ముక్కని నాలుగు మడతల దుప్పటి మీద పెట్టి ఎత్తండి. వేలి కొసతో అంచు దగ్గర కొంచెం నొక్కితే చాలు, కింద గుడ్డ దిగుతుంది, వేలు దానంతట అదే ముక్క కిందికి పోతుంది. తేడా అర సెకను కూడా ఉండదు. కానీ చూసేవాళ్ల కళ్లు సరిగ్గా ఆ అర సెకనులోనే చేతి మీద పడతాయి. గోరుతో గీకే చేతిని ఎవరైనా అనుమానిస్తారు.

ఊళ్లలో రమ్మీ ఆడేవాళ్లకి ఇది మనకంటే ముందే తెలుసు. మా తాతగారి అరుగు మీద ఆట కూర్చున్నప్పుడు చాప పరిచి, దాని మీద దుప్పటి వేసేవాళ్లు. ఉత్త చాప మీద ఆడరు. చాప అల్లికలో గాళ్లుంటాయి, ముక్క అంచు అందులో ఇరుక్కుంటుంది, ఎత్తబోతే కింది ముఖం పక్కవాడికి కనబడిపోతుంది. నున్నటి గచ్చు మీద కూడా ఆడరు, ముక్కలు పట్టు చిక్కవు. ఎవరూ ఏ పుస్తకంలోనూ చదవకుండానే చాప మీద దుప్పటి అనే లెక్కకు వచ్చారు. నేను నాలుగు వేల ఆరు వందలు పోసి కొన్నది కూడా అంతకంటే ఎక్కువేం కాదు, కింద మెత్తటిదొకటి, పైన సన్న నూగు ఉన్న గుడ్డ ఒకటి. ఆ మెత్తటిది మామూలుగా నియోప్రీన్ రబ్బరు. 1930లో డ్యూపాంట్ కంపెనీలో పుట్టిన కృత్రిమ రబ్బరు అది, సముద్రంలో మునిగేవాళ్ల సూట్లకి వాడేది, ల్యాప్‌టాప్ సంచులకి కూడా వాడతారు. రహస్యం ఏమీ లేదు.

నాణేల సంగతి ఇంకా చెప్పాలి. మా ఆఫీసు పక్కన ఒక దర్శినిలో, అంటే చిన్న టిఫిన్ హోటల్లో, సాయంత్రం నాలుగింటికి జనం పలచగా ఉంటారు, నిలబడి తినే ఆ ఎత్తు బల్లల దగ్గర కాఫీ పెట్టుకుని కొన్నాళ్లు సాధన చేశాను. స్టీలు బల్ల మీద పది రూపాయల బిళ్ల పెడితే టంగుమంటుంది. క్యాషియర్ తల తిప్పి చూసేవాడు. నవ్వులాటకి చెప్పడం లేదు, ఇక్కడే అసలు చిక్కుంది. మా మ్యాజిక్ వాళ్ల భాషలో నాణేలు "మాట్లాడతాయి" అంటారు. నాణెం చప్పుడు చేస్తే అది ఎక్కడుందో చెవికి తెలిసిపోతుంది, చెవికి తెలిశాక కంటిని ఎంత మభ్యపెట్టినా లాభం లేదు. ఇంతకంటే విడమర్చితే మా వాళ్లు నన్ను వెలేస్తారు కాబట్టి ఇక్కడితో ఆపుతాను. ఆ దర్శినిలో ఇంకో ముప్పు, బల్ల తుడిచే కుర్రాడు ఎప్పుడు తడిగుడ్డతో వస్తాడో తెలియదు. రెండు పేకకట్టలు అలా ఉబ్బిపోయాయి. చెన్నైలో ఉండే మా బావమరిది, అక్కడ తడిగుడ్డ కూడా అక్కర్లేదు, గాలికే ఉబ్బుతాయి అంటాడు.

ఇక పేకముక్కల్ని ఒక పట్టీలా పరిచి, చివరి ముక్క ఎత్తగానే మొత్తం అలలా తిరగబడేది చూసే ఉంటారు. అది చేతిలో పనే, కానీ సగం. మిగతా సగం కింద ఉన్న గుడ్డది. ముక్కల కింది అంచుల్ని గుడ్డ కాస్త పట్టి ఉంచాలి. గ్రానైట్ మీద అవి జారిపోయి అల సగంలో చచ్చిపోతుంది. టర్కీ తువ్వాలు మీదయితే ఆ దారపు ఉచ్చుల్లో ముక్కలు తగులుకుంటాయి, అసలు అలే పుట్టదు.

ఇక్కడ ఒక వాదన వస్తుంది, దానికి జవాబు చెప్పకుండా ముందుకు పోలేను. ఆదివారాలు మేం నలుగురైదుగురం కబ్బన్ పార్కులో కలుస్తుంటాం. అందులో ఒక పెద్దాయన, నలభై ఏళ్లుగా చేస్తున్నారు, నా ప్యాడ్ చూసి పెదవి విరిచారు. "చేతిలో పని ఉన్నవాడికి ఏ బల్లయినా ఒకటేనయ్యా. రోడ్డు మీద గారడీవాడికి ఏ ప్యాడ్ ఉంది?" అన్నారు. అప్పుడు తల ఊపాను కానీ ఇంటికొచ్చాక ఆలోచిస్తే అది తప్పనిపించింది. గారడీవాడికి ప్యాడ్ లేదని ఎవరన్నారు? ఆయన కింద కూర్చుంటాడు, ముందు గుడ్డ పరుస్తాడు, గుడ్డ కింద మట్టి. మట్టి కంటే మెత్తటిది, చప్పుడు మింగేది ఇంకేముంది? చిప్పల కింద బంతులు మాయం చేసే ఆటలో ఆయన వాడే చిప్పలు చూడండి, పైన చిన్న పిడి ఉంటుంది, ఆ పిడిని వేళ్ల మధ్య పట్టుకుని నేల మీద బోర్లిస్తాడు. బంతులు గుడ్డతో చేసినవి. కేరళలో వాళకున్నం నంబూద్రి అనే ఇంద్రజాలికుడి పేరు ఈ చిప్పలూ బంతుల ఆటతోనే ఊరూరా పాకింది. మలయాళంలో దాన్ని చెప్పుం పంతుం అంటారు. ఈ ఆటనే తీసుకెళ్లి దర్శిని స్టీలు బల్ల మీద పెట్టండి. ప్రతి చిప్పా మోగుతుంది, ప్రతి బంతీ దొర్లుతుంది. మనవాళ్లు ఏ నేల మీదైనా చెయ్యలేదు, వాళ్లకి సరిపడే నేలను ఎంచుకుని కూర్చున్నారు.

అయినా ఏమాటకామాటే, పెద్దాయన మాటలో సగం నిజం ఉంది. ప్యాడ్ మీదే సాధన చేస్తే చెయ్యి దానికి అలవాటు పడుతుంది, ఒకరోజు అది మర్చిపోయి వెళితే కాళ్లు విరిగినట్టు ఉంటుంది. అందుకే ఇంట్లో సాధన చేసేది ఉత్త టేబుల్ మీద, పదిమంది ముందు చేసేది ప్యాడ్ మీద. నేను ఇప్పుడు అలానే చేస్తున్నాను. చాలామంది దీనికి సరిగ్గా తలకిందులుగా చేస్తారు, ఇంట్లో ప్యాడ్ పెట్టుకుని బయటికి మాత్రం అది లేకుండా వెళ్లిపోతారు.

మన దగ్గర ఇది మామూలు దుకాణాల్లో ఎందుకు దొరకదంటే, మనకి మ్యాజిక్ అంటే స్టేజీ. పి.సి. సర్కార్ పెట్టెలు, తలపాగా, లైట్లు. అంత పెద్ద హాల్లో చివరి వరసవాడికి నాణెం కనపడదు, కాబట్టి నాణెం కింద గుడ్డ సంగతి ఎవరికీ పట్టలేదు. సరే, దొరకనిదాని గురించి ఏడ్చి లాభం లేదు, దొరికేవి ఏమిటో చూద్దామని ఒక వేసవి అంతా ఇల్లు ప్రయోగశాల చేశాను. మా అమ్మ దానికి వేరే పేరు పెట్టింది, ఇక్కడ రాయను.

ఎస్.పి. రోడ్డులో వీడియో గేములు ఆడేవాళ్ల కోసం అమ్మే పెద్ద మౌస్ ప్యాడ్ మొదట కొన్నాను. చాలామంది ఇదే చాలంటారు. చాలదు. కింద రబ్బరు బాగుంది, మూడు నాలుగు మిల్లీమీటర్లు, నాణేలు చప్పుడు చెయ్యవు. కానీ పైన గుడ్డ మౌస్ జారడానికి చేసింది, ముక్కలు కూడా అలాగే జారతాయి, పరిచిన పట్టీ ఆగాల్సిన చోట ఆగదు. దాని మీద రాక్షసుడి బొమ్మ ఒకటి. ఆ బొమ్మ ముందు కూర్చుని రాణి ఇస్పేటు ఎక్కడుందో చెప్పమంటే పిల్లలు రాక్షసుడినే చూస్తారు. అయినా అర్జెంటుగా కావలసినవాళ్లకి, బొమ్మ లేనిది దొరికితే, ఫర్వాలేదు.

యోగా మ్యాట్ పైభాగం అంటుకుంటుంది, ముక్కలు కదలవు. క్యారమ్ బోర్డు మీద పౌడరు చల్లి పట్టీ పరిస్తే ఎంత అందంగా వస్తుందో, కానీ ఒక్క ముక్క కూడా పైకి లేవదు, పైగా ముక్కలకి పౌడరు. చిక్‌పేటలో కొన్న మఖ్మల్ గుడ్డ చూడ్డానికి రాజసంగా ఉంది, కానీ దాని నూగు ఒక వైపుకి ఉంటుంది. ఒక దిక్కుకి ముక్కలు పాములా పోతాయి, రెండో దిక్కుకి మొరాయిస్తాయి. నాణెం పెట్టి తీస్తే దాని గుర్తు అలాగే ఉండిపోతుంది, నాణెం ఎక్కడెక్కడ తిరిగిందో అడుగుజాడలన్నీ జనానికి కనిపిస్తాయి. మఖ్మల్ మీద నాణేల మ్యాజిక్ చెయ్యడం అంటే వాన వెలిసిన ఇసుకలో దొంగతనం చెయ్యడమే.

నూగు లోతు మన దేశంలో ఇంకొంచెం పట్టించుకోవాలి. విదేశీ ప్యాడ్లు చాలావరకు అమెరికా అర డాలరు బిళ్ల లాంటి వాటిని దృష్టిలో పెట్టుకుని చేసినవి, అది 30.6 మిల్లీమీటర్లు. మన పది రూపాయల బిళ్ల 27, 2011లో వచ్చిన రకంలో రెండు రూపాయలది 25, రూపాయి బిళ్ల 22. చిన్న బిళ్ల లోతు నూగులో మునిగిపోతుంది, వేళ్లకి దొరకదు. బామ్మల పెట్టెల్లో ఉండే బ్రిటిష్ కాలం వెండి రూపాయి మాత్రం దాదాపు అర డాలరంత ఉంటుంది, కానీ బామ్మ ఇవ్వాలి కదా. కాబట్టి మనకి నూగు పొట్టిగా, బిగుతుగా ఉండాలి.

ఆ నూగు నాకు జె.సి. రోడ్డులో దొరికింది. నిజానికి వెళ్లింది వేరే పనికి, మా బాబాయి కారు సీటు కవరు చిరిగితే కుట్టించడానికి. ఆ కవర్ల దుకాణంలో కుర్రాడు ఒక కారు పైకప్పుకి లోపలి గుడ్డ అంటిస్తున్నాడు. ఖాళీగా కూర్చున్నాను కాబట్టి ఒక ముక్క తీసుకుని వేళ్లతో రుద్దాను. గుడ్డ వెనక సన్నటి ఫోమ్ ముందే అంటించి ఉంది. నూగు చాలా పొట్టి, ఏ దిక్కుకి రుద్దినా ఒకేలా ఉంది. జేబులోంచి రూపాయి బిళ్ల తీసి దాని మీద వేశాను, చప్పుడు లేదు. ఇంకోసారి వేశాను. నాకొచ్చిన నాలుగు కన్నడ ముక్కలతో "ఇదు ఎష్టు?" అన్నాను. ఆ కుర్రాడు నవ్వి, "తెలుగులోనే అడుగన్నా, మాది కదిరి" అన్నాడు. మిగిలిపోయిన ముక్కలు అడుగున ఒక బస్తాలో ఉన్నాయి, అందులోంచి నాకు కావలసినంత ఏరుకోమన్నాడు, ఎనభై రూపాయలు తీసుకున్నాడు. దేనికన్నా అని అడిగితే మ్యాజిక్‌కి అన్నాను. నమ్మలేదు. కుక్కకి పరుపనుకున్నాడేమో.

ఆ ఫోమ్ ఒక్కటే చాలదు, వేలు మరీ లోపలికి దిగబడుతుంది, కింద కొంచెం గట్టి పొర ఉండాలి. నాలుగు మిల్లీమీటర్ల ఈవీఏ అనే గట్టి ఫోమ్ షీటు ముక్క అరవై రూపాయలు. పాత యోగా మ్యాట్ ఉంటే అదే కోసుకోండి, పైన పనికిరానిది కింద బ్రహ్మాండంగా పనికొస్తుంది. సోఫా స్పాంజి మాత్రం వద్దు, ముక్కలు పడవల్లా ఊగుతాయి.

అంటించడంలో మొదటిది పాడుచేశాను. ఇంట్లో ఉన్న తెల్ల ఫెవికాల్ పూసేశాను. అది ఫోమ్‌లోంచి గుడ్డలోకి ఊరి, ఆరాక అప్పడంలా గట్టిపడింది, ఆ మరకలు ఉన్నచోట నాణెం టకటకలాడింది. రెండోసారి ఫెవికాల్ ఎస్ఆర్, అంటే కార్పెంటర్లు, రెక్సిన్ పనివాళ్లు వాడే రబ్బరు రకం, చిన్న డబ్బా తొంభై రూపాయలకి తెచ్చాను. రెండు వైపులా పలచగా పూసి, పది పదిహేను నిమిషాలు ఆగి, వేలికి అంటుకోనంత ఆరాక అప్పుడు కలపాలి. కలిపాక కదపడానికి ఉండదు, పట్టిందంటే పట్టిందే. అందుకని మొదట ఒక అంచు మాత్రం ఆనించి, మిగతాది చపాతీ కర్రతో మెల్లగా దొర్లిస్తూ రావాలి, లేకపోతే గాలి బుడగలు ఉండిపోతాయి. మేడ మీద చెయ్యండి, ఆ వాసన తలకెక్కుతుంది. షీటునీ గుడ్డనీ ముందు కొంచెం పెద్దవిగా కోసుకుని, అంటించి ఆరాక స్టీలు స్కేలు ఆనించి కొత్త బ్లేడుతో, ఒక్క దెబ్బకి కాకుండా మూడు నాలుగుసార్లు తేలిగ్గా గీస్తూ కొయ్యాలి. మూలలు గుండ్రంగా ఉండాలి, పొరలు ఊడడం మొదలయ్యేది మూలల్లోనే. కాఫీ లోటా బోర్లించి గీత గీసుకున్నాను. అంచులకి పట్టీ వేసి కుట్టడానికి మా వీధి టైలరు నలభై తీసుకున్నాడు, సూది విరుగుతుందని కాసేపు సణిగాడు. మొత్తం రెండు వందల డెబ్బై.

లోపం లేదని అనను. కారు లైనింగ్ ఫోమ్ కొన్నేళ్లకి పొడిపొడిగా రాలిపోతుంది. ఎండలో నిలబెట్టిన పాత కార్లలో పైకప్పు గుడ్డ పందిరిలా వేలాడేది అందుకే. కానీ రెండు మూడేళ్లకోసారి రెండు వందల డెబ్బై పెట్టడానికి నాకేం బాధ లేదు. చుట్టి పెట్టేటప్పుడు మాత్రం గుడ్డ వైపు బయటికి వచ్చేలా చుట్టండి. అప్పుడు విప్పి పరిస్తే అంచులు కిందికే వంగి బల్లని పట్టుకుంటాయి. లోపలికి చుడితే అంచులు పైకి లేచి దొప్పలా కూర్చుంటాయి.

ఇక మా బాబాయి దగ్గరికి వస్తాను. ఆ రోజు కోపం వచ్చిన మాట నిజమే కానీ, ఆయన తప్పేం లేదు. అన్నం తినే బల్ల మీద ఎవడో వచ్చి నల్ల మఖ్మల్ లాంటిది శ్రద్ధగా పరిచి, చేత్తో సర్ది, దాని మీద నాణేలు పెడితే, బుద్ధి ఉన్నవాడెవడైనా గుడ్డనే అనుమానిస్తాడు. గారడీవాడు గుడ్డ పరిస్తే ఎవరూ అడగరు, నేల మీద కూర్చునేవాడు గుడ్డ పరుచుకోవడం మామూలే కాబట్టి. డైనింగ్ టేబుల్ మీద మామూలుగా పరిచేది ఏమిటి? టేబుల్ మ్యాట్. కంచం కింద పెట్టేది. అందుకే నాది నల్లగా కాకుండా బూడిద రంగులో ఏరుకున్నాను, 30 సెంటీమీటర్లు వెడల్పు, 45 పొడవు, సరిగ్గా కంచం కింద మ్యాట్ కొలత. అంచు పట్టీ ముదురు గోధుమ రంగు. కనికట్టు కోసం పుట్టిన వస్తువులాగా ఏ కోశానా లేదు. దుకాణంలో కొన్న ప్యాడ్ ఎంత ఖరీదైనదైతే అంతగా "నన్ను చూడు" అంటుంది, నేను చెయ్యబోయేది మాత్రం దాన్ని ఎవరూ చూడకూడదని.

ఉగాదికి మళ్లీ వాళ్లింటికి వెళ్లినప్పుడు మ్యాట్ నేను పరవలేదు. బాబాయి చేతికే ఇచ్చి, "బాబాయ్, టేబుల్ గీతలు పడకుండా ఇది వెయ్యవా" అన్నాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసుకుని, దులిపి, తనే వేశాడు. ఇక ఎత్తి చూసే అవసరం ఆయనకే లేకపోయింది. నాలుగు నాణేలూ ఒక మూలకి చేరాయి. పిన్ని కెవ్వుమంది. బాబాయి నా చొక్కా చేతులు మడిచి చూశాడు, జేబులు తడిమాడు, కుర్చీ కింద వంగి చూశాడు, నా వాచీ విప్పించాడు. ఆ తర్వాత పిన్ని కాఫీ తెస్తే, గ్లాసు తీసుకెళ్లి మ్యాట్ మీదే పెట్టాడు. గుండ్రంగా ఒక మరక పడింది. మొదట ప్రాణం ఉసూరుమంది, ఉతుకుదామనుకున్నాను. ఇప్పుడు ఎవరింటికెళ్లినా ఆ మరక ఉన్నదాన్నే తీసుకెళ్తున్నాను, మరక లేనిది ఇంకోటి చేసి పెట్టుకున్నా కూడా.